మిరప టిక్కీల బడి

నాకు నోరెక్కువ. ఇది నేను ఒప్పుకునే మాటే. మా ఇంట్లోవాళ్ళు చెప్పీ చెప్పీ విసిగిపోయారు గానీ నేను మాత్రం ఏనాడూ పెద్దగా బాధపడలేదు. ఒకటో తరగతినీ రెండో తరగతినీ ఒకే గదిలో కూచోబెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నెట్టుకొచ్చే మనిషికి నోరు కాక మరేం ఆస్తి ఉంటుంది? జగ్గయ్యపేటలో ఆటో ఎక్కి, పెనుగంచిప్రోలులో దిగి, ఇంకో ఆటో కోసం చూసి చూసి, అది రాకపోతే కాళ్ళీడ్చుకుంటూ మునేరు పక్కన ఉన్న ఆ చిన్న ఊరికి చేరేదాకే నేను కాస్త నోరు మూసుకుని ఉండేది. బడి గేటు దాటానంటే మొదలు.

నేను చెప్పబోయే రోజు మాత్రం నాకు ఇప్పటికీ సగం కలలాగానే గుర్తుంది. ఫిబ్రవరి నెల. ఊరి చుట్టూ కల్లాల నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి ఇటు తిరిగితే చాలు, తరగతి తరగతంతా తుమ్ములే. పిల్లలకు అలవాటే, నేనే తట్టుకోలేకపోయాను. పొద్దున్నే మందుల షాపు అబ్బాయి ఇచ్చిన జలుబు మాత్ర ఒకటి వేసుకుని వచ్చాను. ఆ మాత్ర నా మాటకూ నా చెవికీ మధ్య ఒక పల్చటి దుప్పటి కప్పింది. ఆ రోజంతా పిల్లలు ఎక్కడో నీళ్ళ అవతలి నుంచి మాట్లాడుతున్నట్టే వినిపించారు.

ఇంత మత్తులోనూ ఒక విషయం మాత్రం నన్ను వదల్లేదు. సాయంత్రం అయిదింటిలోగా నేనొక కాగితం నింపి పంపాలి. మాటో చూపో వినికిడో సరిగా లేక ప్రత్యేకంగా చూసుకోవలసిన పిల్లలెవరైనా ఉంటే వాళ్ళ పేర్లు రాసి, తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించి, ఫోటో తీసి మండలాఫీసుకు పంపమన్నారు. ఆ పిల్లలను నందిగామ తీసుకెళ్ళి డాక్టర్లకు చూపిస్తారు. నిజంగా అవసరమున్న పిల్లలకు అదెంతో మేలు. నా దగ్గర అలాంటి పేరు ఒక్కటే ఉంది. రాయాలా వద్దా అన్నదే తేలలేదు.

ఆ పిల్ల క్రిస్మస్ సెలవుల తర్వాత ఒకటో తరగతిలో చేరింది. చందర్లపాడు వైపు నుంచి వచ్చి నాయనమ్మ ఇంట్లో ఉంటున్నారు. తల్లి తెల్లారకముందే మిరపకోతకు వెళ్ళిపోతుంది, తండ్రి లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తాడో తెలీదు. ఒక సైజు పెద్దది యూనిఫాం, చేతులు మూడు మడతలు వేసుకుని వచ్చి, గోడ వారగా కూచుంటుంది. చెప్పిందల్లా రాస్తుంది. పిలిస్తే వస్తుంది. మాట మాత్రం లేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే. దాదాపు రెండు నెలలు గడిచాయి, దాని గొంతెలా ఉంటుందో నాకు తెలీదు.

పొద్దున్నే దిగబెట్టడానికి వచ్చే నాయనమ్మను ఒకసారి అడిగాను, ఇంటి దగ్గరైనా మాట్లాడుతుందా అని. ఆవిడ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని మూడుసార్లు చెప్పించుకుంది. చివరికి, "మాట్లాడుద్దో లేదో నాకేం తెల్సు తల్లీ, నాకు వినపడి చస్తేగా!" అంది. ఇంకేం, ఇదేదో కుటుంబంలోనే ఉందని నేను తీర్మానించేసుకున్నాను. వాళ్ళ ఇల్లు ఊరికి దూరంగా కల్లాల పక్కన విసిరేసినట్టు ఉంటుంది, మా గదిలో పిల్లలెవరూ అటు వెళ్ళరు. "అది మాట్లాడదు టీచర్, మూగది" అని వాళ్ళు కూడా నిర్ణయించేశారు. ఊళ్ళో ఒకసారి అలాంటి పేరు పడిందంటే పెళ్ళిపీటల దాకా వెంట వస్తుంది. నేను కాగితం మీద రాశానంటే దానికి సర్కారు ముద్ర కూడా పడుతుంది. అందుకే పొద్దున గేటు దాటుతూ గట్టిగా అనుకున్నాను, సాయంత్రంలోగా ఎలాగైనా ఆ పిల్ల నోటి వెంట ఒక్క మాట రప్పించాలని.

ప్రార్థన అయ్యాక తెలుగు. అందరికీ గుప్పెడేసి చింతపిక్కలు ఇచ్చి, చెప్పిన అక్షరం నేల మీద పేర్చమన్నాను. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. పిక్కలు నిగనిగలాడుతున్నాయి. ఆ పిల్ల పేర్చిన 'గ' చూస్తే నాకే ముచ్చటేసింది, తలకట్టు దగ్గర చిన్న పిక్క ఏరి మరీ పెట్టింది. తర్వాత ఒక్కొక్కళ్ళూ పొద్దున లేవగానే ఏం చూశారో చెప్పాలన్నాను. ఒకడు వాళ్ళ గేదె తోక చూశానన్నాడు. ఇంకోడు "మా నాన్న వీపు" అన్నాడు. ముందు వరసలో కూచునే గడుగ్గాయి ఒకతి, "కళ్ళు మూసుకునే పళ్ళు తోముకున్నా టీచర్, ఏం చూళ్ళా" అంది. ఆ పిల్ల వంతు వచ్చింది. నేను మోకాళ్ళ మీద కూచుని, ఎప్పుడూ లేనంత మెత్తగా, "నువ్వేం చూశావు బంగారం?" అన్నాను. కిటికీ వైపు చూసింది. నేను కూడా చూశాను. అవతల ఏమీ లేదు, ఎండ తప్ప.

లెక్కల గంటకు తీసివేతలు. అయిదుగురిని నిలబెట్టి పిచ్చుకలన్నాను, రెండు పిచ్చుకలు ఎగిరిపోయాయి, ఇంకా ఎన్నున్నాయి? ఎగిరిపోయిన రెండు పిచ్చుకలూ నిజంగానే ఎగిరిపోయి కుళాయి దగ్గర తేలాయి. వాటిని పట్టుకురావడానికి పంపిన మూడో పిచ్చుక కూడా అక్కడే ఆగిపోయింది. "ఓరి మీ దుంప తెగ! నేనిక్కడ అరుస్తుంటే మీరక్కడ జలకాలాడుతున్నారా?" అని నేనే వెళ్ళి ముగ్గురినీ తోలుకొచ్చాను. తిరిగొచ్చేసరికి పలక మీద సరైన జవాబు వేసి గోడ వారగా కూచుని ఉంది ఆ పిల్ల. "ఎంతో పైకి చెప్పు మరి" అన్నాను. పలక ఇంకాస్త పైకెత్తి చూపించింది.

తర్వాత నీళ్ళ పాఠం. ఒక ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని. వేపాకు తేలింది, రాయి మునిగింది, రబ్బరు ముక్క మునిగింది. ఎవరి జేబులోంచో ఎండుమిరపకాయ వచ్చింది, అది తేలింది. పిల్లలందరూ టబ్బు చుట్టూ మూగి, ఒకళ్ళ తలలో ఒకళ్ళు తల పెట్టి చూస్తున్నారు. నీటి మీద వెలుగు వాళ్ళ మొహాల మీదకు ఎగబాకి కదులుతోంది. నా మత్తుకు ఆ కదిలే వెలుగు ఇంకాస్త తోడై, అసలు మేమందరం టబ్బు లోపలే ఉన్నామా అనిపించింది ఒక క్షణం. ఆ పిల్ల మిరపకాయ చుట్టూ వేలు తిప్పుతూ పెదవులు కదిపింది. నేను చటుక్కున వంగాను. "ఏంటమ్మా? ఏంటి, మళ్ళీ అను?" పెదవులు బిగుసుకుపోయాయి. బతిమాలాను. బిస్కట్ ప్యాకెట్టు ఆశ చూపించాను. చివరికి నా బుద్ధి పోనిచ్చుకున్నానా, "నోట్లో ముత్యాలేమన్నా దాచుకున్నావా, తెరిస్తే రాలిపోతాయా?" అని కసిరాను. అందరూ కిలకిలా నవ్వారు. ఆ పిల్ల టబ్బు దగ్గర నుంచి లేచి వెళ్ళి తన చోట కూచుంది.

అన్నాలయ్యాక చిన్నవాళ్ళు చాపల మీద వరసగా పడుకున్నారు. గుడ్డు తిన్న పొట్టలు పైకీ కిందికీ ఆడుతున్నాయి. దూరంగా కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న చప్పుడు గలగలమని వచ్చి వచ్చి ఆగుతోంది. నేను కుర్చీలో కూచునే కాసేపు నిద్రలోకి జారాను. కలో నిజమో, ఎవరో నా కొంగు చివర పట్టుకుని వేలికి చుట్టుకుంటున్నట్టు అనిపించింది. కళ్ళు తెరిస్తే ఎవరూ లేరు. ఫోన్ మోగుతోంది. మండలాఫీసులో పనిచేసే ఆయన. "మేడంగారూ, మీ బడి నుంచి ఇంకా రాలేదండి. ఉంటే ఉందని పంపండి, లేకపోతే లేదని పంపండి. ఏదో ఒకటి తేల్చండి మరి" అన్నాడు. తేల్చాల్సింది నేనే అని నాకు తెలీక కాదు.

లేచాక బొమ్మల గంట. మన బడి గియ్యమన్నాను. ఒకడు బడి మానేసి ఆటో గీశాడు, ఆటోలో నన్ను కూచోబెట్టాడు. చాలామంది నన్నే గీశారు, చేతులు పుల్లల్లా, జడ నేల దాకా. ఆ పిల్ల కాగితం మీద కూడా నేనే ఉన్నాను. కళ్ళు రెండు చుక్కలు, ముక్కు లేనే లేదు, మొహం మొత్తం నోరే. నోరంతా ఎర్ర క్రేయాన్‌తో రుద్ది రుద్ది నింపింది. "ఆహా, ఎంత అందంగా ఉన్నానో!" అని నవ్వేశాను గానీ ఆ కాగితాన్ని మిగతావాటి కిందకు తోసేశాను.

ఇక చివరి గంట. నా గొంతు పూర్తిగా బొంగురుపోయింది. అరిచే ఓపిక లేక, "అందరూ మునేరులో చేపలు. చేపలు మాట్లాడవు. కదలడమే" అన్నాను. అంతే, ముప్పావు గంట సేపు ఆ గదిలో మాట లేదు. ఇరవై చేపలు చేతులు వీపుకు ఆనించి బెంచీల కింద నుంచి, నా కుర్చీ చుట్టూ, ఒకదాన్నొకటి తాకకుండా ఈదాయి. సాయంత్రపు ఎండ గదిలోకి తేనె రంగులో దిగింది. సుద్దపొడి మెల్లగా కిందికి వాలుతోంది. అందరిలోకీ బాగా ఈదింది ఆ పిల్లే. బుగ్గలు పూరించి, నోరు గుండ్రంగా తెరుస్తూ మూస్తూ, నా కాళ్ళ దాకా వచ్చి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. నా ఉద్యోగంలో అంత ప్రశాంతమైన గంట ఇంకోటి లేదు. అది చూస్తూ ఉండగానే నా మనసు గట్టిపడింది. మాటల్లేని చోట ఇంత హాయిగా ఉందంటే దీనికి మాట రాదనే అర్థం, రాసేద్దాం, డాక్టర్లే చూస్తారు, అనుకున్నాను.

బెల్లు కొట్టాక కాగితం నింపాను. పేరు, తరగతి, 'మాటలు రావు' అని. సంతకం కోసం కల్లాల దారి పట్టాను. దారికి రెండు పక్కలా నేల ఎర్రగా పరుచుకుని ఉంది, గాలి కూడా ఎర్రగానే ఉందనిపించింది. మాత్ర మత్తు దిగిపోతోంది, తుమ్ములు మళ్ళీ మొదలయ్యాయి. ఆ పిల్ల ఇల్లు రేకుల షెడ్డు. దగ్గరకు వెళ్ళేసరికి షెడ్డు వెనకాల నుంచి ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు.

"ఏంటమ్మా ఆ దిక్కులు చూట్టం? ఇటు చూడు. పెదవులు కదిలితే చాలదు, నాకు వినపడాలి!"

నేను దారి మధ్యలోనే ఆగిపోయాను. ఆ మాటలు నావి, రోజూ బళ్ళో నేననేవే. ఆ విరుపు నాది. చివర్లో సాగదీయడం కూడా నాదే. మందు వికటించి నా మాటలే నాకు వినపడుతున్నాయేమోనని ఒక్క క్షణం నిజంగా భయమేసింది.

చాటుగా తొంగి చూశాను. మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలను మా వైపు టిక్కీలంటారు. ఆ టిక్కీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి ముందు ఆ పిల్ల. భుజం మీద నుంచి తువ్వాలు పవిటలా జారుతోంది, చేతిలో పత్తికట్టె. ఒక టిక్కీని పొద్దున ఏం చూశావని అడిగింది. ఇంకోదాన్ని పిచ్చుకను చేసి ఎగరమంది. "ఓరి మీ దుంప తెగ!" అంది. వేపాకు తేలుతుంది, రాయి మునుగుతుంది, ఎందుకో చెప్పండి అంది. పొద్దుటి నుంచి నేను చెప్పిన పాఠాలన్నీ, వరస తప్పకుండా, ఒక్క ముక్క పొల్లు పోకుండా చెప్పుకుపోతోంది.

తల్లి కల్లంలోంచి నన్ను చూసి పరుగున వచ్చింది. "అయ్యో, ఎంతసేపయిందండీ వచ్చి? రండి, కూచోండి. రోజూ ఇదే వరసండీ దీంతో. బడి నుంచి రాంగానే మొదలెట్టుద్ది, సీకటి పడేదాకా ఇక ఆపదు."

"మరి బళ్ళో ఒక్క ముక్క మాట్లాడదేంటమ్మా?" అన్నాను.

"మాట్లాడదా?" ఆమె తెల్లబోయింది. మొహమాటపడుతూ మెల్లగా చెప్పింది. "చేరిన రోజు ఏడ్చుకుంటా వచ్చిందండీ. మీరేవో సుద్దముక్కలు చూపించి ఎన్నని అడిగారంట. ఇది రెండు పుంజీలందంట. మా అత్త జామకాయలమ్ముద్ది గదండీ, ఈడికొచ్చినప్పుడల్లా ఆమె పక్కన కూచునీ కూచునీ దీనికి ఆ లెక్కే అలవాటు. పిల్లలంతా నవ్వారంట. 'బడి లెక్క మొత్తం వచ్చేసినాక అప్పుడు మాట్లాడతాలేమ్మా' అన్నది నాతో. మాట్లాడతానే ఉందేమో అనుకున్నానండీ నేను."

పుంజీ అంటే నాలుగు. రెండు పుంజీలంటే ఎనిమిది. నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా చేతిలో ఆ రోజు సుద్దముక్కలు ఎనిమిదే. పిల్ల చెప్పింది సరైన జవాబే. నేను మాత్రం, "ఏమ్మా, బడికొచ్చావా, సంతకొచ్చావా?" అన్నాను. ఆ జోకు ఎంత బాగా పేలిందంటే, సాయంత్రం ఆటోలో తోటి టీచర్లకు కూడా చెప్పి నవ్వించాను. తర్వాత ఆ జోకునీ, దాని వెనకున్న గొంతునీ మర్చిపోయాను, నవ్విన పిల్లలూ మర్చిపోయారు. ఆ పిల్ల మర్చిపోలేదు. రెండు నెలలుగా నేను మూగదనుకున్న పిల్ల, ఇంకోసారి నవ్వులపాలు కాకూడదని రోజూ ఇక్కడ నన్ను వల్లె వేస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గు అన్న మాట కూడా చాలదు, నా నోరు నాకే రోత పుట్టింది.

తల్లి నా చేతిలో కాగితం చూసింది. చీర కుచ్చెళ్ళకు చేతులు గబగబా తుడుచుకుంది. "సంతకం ఏడ పెట్టమంటారండీ? నాకు సంతకం వచ్చండి, ఏలిముద్ర కాదు" అంది కాస్త గర్వంగా. అందులో ఏముందో అడగను కూడా లేదు. పెన్ను కోసం చెయ్యి చాచింది.

"ఏం లేదమ్మా. ఊరికే చూసి పోదామని వచ్చా" అన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి చించేశాను. ఫోన్ తీసి, మా బడి నుంచి ఎవరూ లేరని మండలాఫీసు ఆయనకు అక్కడే పంపేశాను.

ఈ సందడికి ఆ పిల్ల ఇటు తిరిగింది. నన్ను చూసి రాయిలా అయిపోయింది. కట్టె జారిపోయింది. తువ్వాలు తీసి వెనక దాచుకుంది. ఇప్పుడు నేనేదన్నా సరదాగా అన్నానంటే అంతే సంగతులని నాకు తెలిసిపోయింది. అందుకే దూరంగానే నిలబడి, పిల్లలు రోజూ నన్ను అడిగేలాగే అడిగాను.

"మే ఐ కమిన్ టీచర్?"

చాలాసేపు చూసింది. నిజంగానే అడుగుతున్నానో, ఆటపట్టిస్తున్నానో తేల్చుకోవాలి కదా. చివరికి తల ఊపింది. నేను వెళ్ళి చివరి టిక్కీ పక్కన నేల మీద చేతులు కట్టుకుని కూచున్నాను. షెడ్డు నీడన మంచం మీద పడుకున్న నాయనమ్మ లేచి కూచుంది. తల్లి తడిక పట్టుకుని నిలబడిపోయింది.

పిల్ల మెల్లగా వెళ్ళి నాయనమ్మ గంపలోంచి జామకాయలు ఒళ్ళో పోసుకుని వచ్చింది. నా ముందు ఒక్కొక్కటే, నాలుగేసి చొప్పున రెండు వరసలు పేర్చింది. కట్టె తీసుకుంది, వాటి వైపు చూపించింది.

"ఇయ్యెన్ని?" అంది.

అది నా గొంతు కాదు. దాని సొంత గొంతు. కొంచెం జీరగా, చాలా చిన్నగా ఉంది. రెండు నెలలుగా నేను ఎదురుచూసిన గొంతు.

జవాబు నా కళ్ళ ముందే ఉంది. నోరు తెరిచాను. మాట రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, మిరపఘాటు మీదకు నెట్టేద్దామన్నా కుదరనంతగా. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాగే దాన్ని, ఒక అంకె చెప్పలేక కూచున్నాను.

ఆ పిల్ల ఆగింది. కట్టె నేలకు ఆనించి, తొందర లేకుండా, నా మొహంలోకి చూస్తూ ఆగింది. నేనైతే ఈపాటికి ఏదో ఒకటి అనేసి ఉండేదాన్ని. కాసేపటికి దగ్గరికొచ్చి వంగింది. మిగతా టిక్కీలకు వినపడకుండా నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"పర్లేదు టీచర్, రేపు చెప్పండి. ఇక్కడెవరూ నవ్వరు."